కానిస్టేబుల్ అభ్యర్థులకు సంఘం తరఫున ఉచిత శిక్షణ: నిధులు ఎక్కడ అడగాలి, అభ్యర్థులు మధ్యలో జారిపోకుండా ఎలా చూడాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. మంచిర్యాల జిల్లాలో మూడేళ్ల కిందట రిజిస్టర్ అయిన ఒక యువజన సంఘం, చుట్టుపక్కల ఊళ్ల నుంచి 60 మందిని తీసుకుని కానిస్టేబుల్ ఉద్యోగాలకు ఉచిత శిక్షణ ఇవ్వాలనుకుంటోంది. ప్రభుత్వ నిధులు ఏ దారిలో వస్తాయి? మొదట అందరూ వచ్చి చివరికి పది మందే మిగలకుండా ఏం చేయాలి? ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పని చేసేవాళ్లకూ పనికొస్తుందని రెండు రాష్ట్రాల లెక్కలూ కలిపి రాస్తున్నాను.

రెండో ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. డబ్బు ఎంత అడగాలో, ఏ విడతల్లో అడగాలో దాన్నిబట్టే తేలుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరు 28న నోటిఫికేషన్ పడింది. ప్రిలిమ్స్ (మొదటి రాత పరీక్ష) 2023 జనవరి 22న జరిగాయి, 95,208 మంది క్వాలిఫై అయ్యారు. ఈవెంట్స్, అంటే పరుగు, లాంగ్‌జంప్ లాంటి శారీరక పరీక్షలు, మొదలైంది మాత్రం 2024 డిసెంబరు 30న. మధ్యలో 23 నెలలు. మెయిన్స్ (చివరి రాత పరీక్ష) 2025 జూన్ 1న, ఫలితాలు ఆగస్టు 1న. తెలంగాణలో కాస్త త్వరగా సాగింది: 2022 ఏప్రిల్ 25న నోటిఫికేషన్, ఆగస్టు 28న ప్రిలిమ్స్, డిసెంబరు 8 నుంచి ఈవెంట్స్, 2023 ఏప్రిల్ 30న మెయిన్స్, అక్టోబరు 4న ఎంపిక జాబితా. అయినా ఎంపికైనవాళ్లు శిక్షణలో చేరేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది.

సంఘాలు పెట్టే శిబిరాల్లో ఎక్కువ భాగం నోటిఫికేషన్ పడ్డాక మొదలై ప్రిలిమ్స్ రోజుతో ముగుస్తాయి. డబ్బంతా ఆ మూడు నాలుగు నెలల్లోనే అయిపోతుంది. అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. ప్రిలిమ్స్ గట్టెక్కిన అబ్బాయి హైదరాబాద్ వెళ్లి డెలివరీ పనిలో చేరతాడు, అమ్మాయికి పెళ్లి కుదురుతుంది, పరుగు ఆగిపోతుంది, బరువు పెరుగుతుంది. ఈవెంట్స్ తేదీ ప్రకటించాక మూడు వారాల్లో మళ్లీ ఊపిరి తెచ్చుకోవడం ఎవరివల్లా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రిలిమ్స్ దాటిన 95,208 మందిలో ఈవెంట్స్ కూడా దాటింది 38,910 మందే. అందుకే నా సలహా: వచ్చే ప్రతి వంద రూపాయల్లో కనీసం 35 రూపాయలు ప్రిలిమ్స్‌కూ ఈవెంట్స్‌కూ మధ్య కాలానికి కేటాయించండి. ప్రిలిమ్స్ కోచింగ్‌కు 30, ఈవెంట్స్ చివరి నెలకూ మెయిన్స్‌కూ కలిపి 20, అభ్యర్థుల్ని వెతికి తెచ్చి పరీక్షించడానికి 10, లెక్కలకూ ఆడిట్‌కూ 5. ఈ కేటాయింపు చూసి అధికారులు ఆశ్చర్యపోతారు. పై తేదీల పట్టిక ప్రతిపాదనకు జతచేయండి, ఒప్పుకుంటారు.

ఇక డబ్బు సంగతి.

ఒక మాట ముందే చెప్పాలి. కోచింగ్ పేరుతో నేరుగా సంఘం ఖాతాలో డబ్బు వేయడానికి జిల్లా అధికారులు సాధారణంగా ఇష్టపడరు. ఆడిట్ అభ్యంతరాలంటే భయం, అది సహజమే. కాబట్టి డబ్బు ఒక శాఖ ఖాతాలో ఉండాలనీ, మీ సంఘం నిర్వహణ భాగస్వామిగా ఉంటుందనీ అడగండి. ఆ శాఖ బీసీ స్టడీ సర్కిల్ కావచ్చు, ఎస్సీ స్టడీ సర్కిల్ కావచ్చు, ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) కావచ్చు, పోలీసు కమిషనరేట్ కూడా కావచ్చు. 2022 నోటిఫికేషన్ సమయంలో తెలంగాణలో చాలా కమిషనరేట్లు సొంతంగా ఉచిత శిక్షణ నడిపాయి కాబట్టి వాళ్లకిది కొత్త కాదు. అధ్యాపకుల జీతాలు, పుస్తకాలు శాఖే నేరుగా చెల్లిస్తుంది. అభ్యర్థుల్ని తీసుకురావడం, గ్రౌండ్, భోజనం, హాజరు, ఇంటింటికీ తిరగడం మీ బాధ్యత. ఇలా విడగొడితే ఫైలు కదులుతుంది.

మంచిర్యాల జిల్లాకు దారులు బాగానే ఉన్నాయి. మొదటిది జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు, కలెక్టరేట్‌లో డీఎంఎఫ్‌టీ అంటారు. 2015 నాటి గనుల చట్ట సవరణతో వచ్చిన నిధి ఇది, గనుల లీజుదారులు రాయల్టీకి అదనంగా, అందులో కొంత శాతానికి సమానమైన మొత్తాన్ని దీనికి చెల్లిస్తారు. విద్య, నైపుణ్య శిక్షణ దీని ప్రాధాన్య రంగాల్లోనే ఉన్నాయి. 2024 మార్గదర్శకాల ప్రకారం గనికి 15 కిలోమీటర్ల లోపు ఊళ్లు ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతం, 25 కిలోమీటర్ల లోపువి పరోక్ష ప్రభావిత ప్రాంతం. అందుకని ప్రతిపాదనలో మొదటి పేజీలోనే మీ అభ్యర్థుల ఊళ్ల జాబితా, ప్రతి ఊరూ ఏ గనికి ఎంత దూరమో రాయండి. ఈ ఒక్క పట్టిక లేక వెనక్కి వచ్చే దరఖాస్తులు చాలా. శీర్షికలో ‘పోలీసు కోచింగ్’ అని కాకుండా ‘ఉద్యోగ నైపుణ్య శిక్షణ’ అని పెట్టండి. నిధి పద్దులో ఉన్న మాటే కాగితం మీద కనబడాలి.

రెండోది సింగరేణి. శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ఏరియాల్లో సింగరేణి సేవా సమితి ద్వారా పోలీసు, సైన్యం నియామకాలకు ముందస్తు శిక్షణ ఇచ్చే అలవాటు కంపెనీకి ఉంది. కొత్తగా అడిగే బదులు దాని పరిధిలోకి రాని ఊళ్లను మేము చూస్తామనండి. వేరే కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులకు వెళ్తే మూడు కాగితాలు తప్పనిసరి: ఆదాయపు పన్ను కింద 12ఏబీ రిజిస్ట్రేషన్, దాతలకు పన్ను రాయితీ ఇచ్చే 80జీ, వీటిమీద ఆధారపడి కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఇచ్చే సీఎస్ఆర్-1 నంబరు. 2021 ఏప్రిల్ నుంచి ఆ నంబరు లేని సంస్థకు కంపెనీ సీఎస్ఆర్ డబ్బు ఇవ్వడానికి వీల్లేదు. ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం కూడా చూపాలి. మీకు రిజిస్ట్రేషన్ వయసు మూడేళ్లు నిండినా, ఆ మూడేళ్లలో చేసింది వినాయక నవరాత్రులూ క్రికెట్ టోర్నమెంట్లే అయితే అది అనుభవంగా చెల్లదు. అలాంటప్పుడు జిల్లాలో పాత సంస్థ ఒకదానితో కలిసి వెళ్లండి.

సీఎస్ఆర్‌లో మరో మంచి వెసులుబాటు ఉంది, చాలామందికి తెలియదు. కంపెనీ మీ పనిని ‘కొనసాగుతున్న ప్రాజెక్టు’గా బోర్డులో ఆమోదిస్తే, ఆ ఏడాది ఖర్చు కాని డబ్బు మురిగిపోదు. ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలోకి మార్చి, తర్వాతి మూడేళ్లలో ఖర్చు పెట్టుకోవచ్చు. పరీక్ష తేదీలు వాయిదా పడుతుంటే మిమ్మల్ని కాపాడేది ఇదే. ఒప్పందం రాసే రోజే ఆ మాట అడగండి, మార్చి నెలలో అడిగితే కుదరదు.

మూడోది ఉట్నూరు ఐటీడీఏ. మీ 60 మందిలో గోండు, కొలాం, నాయక్‌పోడ్ పిల్లలు ఉంటే వాళ్ల భోజన వసతి ఖర్చు ఐటీడీఏ వైపు నుంచి అడగొచ్చు. ఆంధ్రలో అయితే పాడేరు, రంపచోడవరం, సీతంపేట, పార్వతీపురం వాళ్లకూ ఇదే దారి. వేసవి సెలవుల్లో ఖాళీగా ఉండే ఆశ్రమ పాఠశాల భవనం ఇప్పించుకోగలిగితే డబ్బు ఇచ్చినదానికంటే మేలు.

ఎంపీ నిధులతో కోచ్‌కు జీతం ఇవ్వలేరు. అవి ప్రధానంగా మన్నికైన ఆస్తులకే. రన్నింగ్ ట్రాక్ చదును, ప్రహరీ, మరుగుదొడ్డి లాంటివి అందులో అడగండి. మీ ఊళ్లో 2022లో మొదలైన తెలంగాణ క్రీడా ప్రాంగణం ఉండే ఉంటుంది. అది పిచ్చిమొక్కలు మొలిచి పడి ఉంటే ఉపాధి హామీ పనుల్లో చదును చేయించమని పంచాయతీ కార్యదర్శిని అడగండి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఊరివాళ్లు డబ్బు పంపుతామంటే జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) చేతిలో ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్, ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ఖాతా లేకుండా తీసుకుంటే నేరం. పంపేముందు పాస్‌పోర్టు నకలు అడిగి దాచుకోండి. మొహమాటపడకండి, రేపు నోటీసు వచ్చేది సంఘం అధ్యక్షుడి పేరు మీదే.

ప్రతిపాదనలో ‘ఆరు నెలల శిక్షణ’ అని ఎప్పుడూ రాయకండి. నెలలు కాదు, దశలు రాయండి: ఎంపిక, ప్రిలిమ్స్, విరామ కాలం, ఈవెంట్స్, మెయిన్స్. ఏ దశ మొదలైతే ఆ విడత విడుదల. అలా ప్రొసీడింగ్స్ (మంజూరు ఉత్తర్వు) ఇస్తే పరీక్ష ఏడాది వాయిదా పడినా మంజూరు చెల్లుతుంది. కేంద్ర నిధి ఏదైనా కలిస్తే ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లో వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి, నమూనా జీఎఫ్ఆర్ 12-ఏ. అది ఇవ్వనిదే తర్వాతి విడత రాదు. ఖాతాలో పడిన వడ్డీ కూడా మీది కాదు, తిరిగి కట్టాలి. అందుకే ఒక్కో నిధికి ఒక్కో బ్యాంకు ఖాతా తెరవండి. సంఘం మామూలు ఖాతాలో కలిపేస్తే వడ్డీ విడగొట్టడం ఏ ఆడిటర్‌కైనా తలనొప్పి.

ఆడిట్‌లో కొట్టేసే ఖర్చులు ఎప్పుడూ అవే: నాయకుల ఫొటోలతో ఫ్లెక్సీలు, ప్రారంభోత్సవం రోజు శాలువాలు, సన్మానాలు, బిల్లు లేని టిఫిన్లు, సంతకం లేని గౌరవ వేతనం. కోడిగుడ్లు కొన్నా రశీదు కావాలి, ఆ రోజు హాజరు సంఖ్యతో అది సరిపోవాలి. 41 మంది వచ్చిన రోజు 120 గుడ్ల బిల్లు ఉంటే ఆ ఒక్క కాగితం మొత్తం లెక్క మీద అనుమానం తెస్తుంది. ఇంకొకటి, ఎన్నికల కోడ్. ఎన్నికల షెడ్యూల్ ప్రకటించాక కొత్త కార్యక్రమాలు ప్రారంభించనివ్వరు. పంచాయతీ ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయనిపిస్తే పని ఉత్తర్వు ముందే తీసుకుని, ఒక రోజైనా క్లాసు నడిపి హాజరు వేయించండి. నడుస్తున్న పనికి సాధారణంగా ఆటంకం ఉండదు.

ఇప్పుడు అభ్యర్థులు. మొదటి రోజు చేయాల్సింది ఉపన్యాసం కాదు, కొలత. గత నోటిఫికేషన్లలో రెండు రాష్ట్రాల్లోనూ ఎత్తు మగవాళ్లకు 167.6 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 152.5. ఆంధ్రలో మగవాళ్ల ఛాతీ ఊపిరి పూర్తిగా పీల్చినప్పుడు 86.3 ఉండాలి, అందులో కనీసం 5 సెంటీమీటర్లు పెరుగుదల. ఏజెన్సీ ప్రాంత ఎస్టీల్లో ఎత్తు మగవాళ్లకు 160, ఆడవాళ్లకు 150, ఆంధ్రలో మగవాళ్ల ఛాతీ 80, పెరుగుదల 3. ఎత్తు సరిపోని వ్యక్తిని రెండేళ్లు చదివించి చివర్లో వెనక్కి పంపడం కంటే అన్యాయం లేదు. గోడకు మేకుతో గీసిన గీత నమ్మకండి. పీహెచ్‌సీలో ఉండే ఎత్తు కొలిచే స్టాండు తెచ్చుకోండి. చెప్పులూ సాక్సులూ తీయించి, మడమలు ఆనించి, ఆడపిల్లల కొప్పు, క్లిప్పులు విప్పించి కొలవాలి. ఉదయం కంటే సాయంత్రం మనిషి ఎత్తు దాదాపు ఒక సెంటీమీటరు దాకా తగ్గుతుంది కాబట్టి సాయంత్రం కొలిచి సరిపోతేనే ధైర్యం. 167, 168 మధ్య ఉన్నవాళ్ల పేర్ల పక్కన గుర్తు పెట్టుకోండి. తెలంగాణలో గతసారి సెంటీమీటరు లోపు తేడాతో పోయినవాళ్లకు హైకోర్టు ఆదేశాల మీద మళ్లీ కొలతలు తీశారు. అలాంటి అవకాశం వచ్చినప్పుడు వాళ్లకు వెంటనే కబురు వెళ్లాలి.

అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో కంటి పరీక్ష కూడా పెట్టించండి. వర్ణాంధత్వం ఉందని చాలామందికి వైద్య పరీక్ష దాకా తెలియదు. మోకాళ్లు తగలడం, చదును పాదం, ఉబ్బు నరాలు కూడా అనర్హతలే. హిమోగ్లోబిన్ తప్పక చూడాలి. ఆడపిల్లల్లో 12 కంటే తక్కువ ఉంటే ముందు ఐరన్ మాత్రలు, ఆకుకూరలు, గుడ్లు. రక్తం లేకుండా పరుగు నేర్పితే ఆయాసం తప్ప ఏమీ రాదు. ఆదివాసీ పిల్లలకు సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త సమస్య) పరీక్ష కూడా చేయించాలి. ప్రభుత్వం 2023 నుంచి ఉచితంగా చేస్తోంది. ఆ లక్షణం మోస్తున్నవాళ్లు పరుగెత్తకూడదని కాదు. వాళ్లకు నీళ్లు తగ్గకూడదు, ఎండలో ఒక్కసారిగా పూర్తి వేగం పెట్టించకూడదు. ఈ సంగతి కోచ్‌కు తెలిసి ఉండాలి.

గ్రౌండ్ విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు దూరం కొలతలోనే. ఊళ్లో 400 మీటర్ల ట్రాక్ ఉండదు, 200 మీటర్ల చుట్టు గీస్తారు, అదీ బైకు మీటరు చూసి. చుట్టుకు 10 మీటర్లు తక్కువైతే 1600 మీటర్లలో 80 మీటర్లు తగ్గినట్టు. తెలంగాణ మగవాళ్ల వేగానికి అది దాదాపు 22 సెకన్లు. ఊళ్లో ఏడు నిమిషాలకు పూర్తి చేస్తున్నానన్న అబ్బాయి అసలు గ్రౌండ్‌లో 7 నిమిషాల 22 సెకన్లకు చేరి, 7 నిమిషాల 15 సెకన్ల గడువు దాటి పోగొట్టుకుంటాడు, ఎందుకో అతనికి అర్థం కాదు. సర్వేయర్ టేపు తెచ్చి, లోపలి గీతకు 20 సెంటీమీటర్లు బయట కొలవండి.

తెలంగాణలో గత ఈవెంట్స్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, అంటే 400 మీటర్ల చుట్టుకు 1 నిమిషం 48.75 సెకన్లు. ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. ఆంధ్రలో ఇద్దరికీ 1600 మీటర్లే: మగవాళ్లకు 8 నిమిషాలు, ఆడవాళ్లకు 10 నిమిషాల 30 సెకన్లు. తెలంగాణ అమ్మాయిల్ని ఆంధ్ర పద్ధతిలో, ఆంధ్ర అమ్మాయిల్ని తెలంగాణ పద్ధతిలో తయారు చేసే కోచ్‌లు ఉన్నారు, సరిహద్దు జిల్లాల్లో ముఖ్యంగా. కొత్త నోటిఫికేషన్ రాగానే మొదట ఈ పట్టిక చూడండి, అంకెలు మారవచ్చు. గడువు కంటే 30 సెకన్లు ముందే పూర్తి చేయడం మీ లక్ష్యం కావాలి. అసలు రోజున గుంపుగా వదులుతారు. మొదటి మలుపులో తోపులాట ఉంటుంది. మలుపుల్లో బయటి నుంచి దాటబోతే ఒక్కో లైనుకు చుట్టుకు సుమారు 7.7 మీటర్లు అదనంగా పరుగెత్తాలి, నాలుగు చుట్లకు 30 మీటర్లు. దాటాలంటే తిన్నని దారిలోనే దాటమని నెలకు రెండుసార్లు గుంపుగా పరుగెత్తించి నేర్పండి.

సిమెంటు రోడ్డు మీద రోజూ పరుగెత్తిస్తే మూడో వారానికి సగం మందికి ముంగాలి ఎముక నొప్పి పట్టుకుంటుంది. వారానికి నాలుగు రోజుల పరుగు, రెండు రోజుల వ్యాయామం, ఒక రోజు పూర్తి విశ్రాంతి చాలు. మట్టి నేలే మంచిది.

లాంగ్‌జంప్ గుంత 8 మీటర్ల పొడవు, 2.75 మీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు తవ్వి ఇసుక నింపాలి. అంటే దాదాపు మూడు ట్రాక్టర్ల ఇసుక. తెలంగాణలో మగవాళ్లకు 4 మీటర్లు, ఆడవాళ్లకు 2.5, ఆంధ్రలో 3.80, 2.75. దూకే శక్తి ఉన్నా పోయేవాళ్లు రెండు రకాలు. ఒకరు గీత తొక్కుతారు. రెండోవారు 4.20 దూరంలో కాళ్లు దించి, వెనక్కి తూలి చెయ్యి ఆనిస్తారు. కొలిచేది గీతకు అతి దగ్గరగా పడిన గుర్తు నుంచి, కాబట్టి ఆ చెయ్యి ఆనిన చోటు 3.70 అయితే అదే లెక్క. ఇసుకలో కాళ్లు దిగగానే రెండు చేతులూ ముందుకు విసిరి మోకాళ్లు వంచి ముందుకు పడటం, దీన్ని రోజుకు 15 సార్లు నిలబడిన చోటు నుంచే చేయించండి. తర్వాతే పరుగు కలపండి.

షాట్‌పుట్ తెలంగాణలో మాత్రమే ఉంది. మగవాళ్లకు 7.26 కిలోలు 6 మీటర్లు, ఆడవాళ్లకు 4 కిలోలు 4 మీటర్లు. మొదటి నెల మగవాళ్లకు కూడా 4, 5 కిలోల గుండే ఇవ్వండి. మొదటి రోజే 7.26 చేతికిస్తే క్రికెట్ బంతిలా విసిరి భుజం పట్టేయించుకుంటారు. మెడకు ఆనించి తొయ్యాలి, విసరకూడదు. 60 మందికి ఒక్కో బరువుకు రెండేసి గుండ్లు చాలు.

ప్రిలిమ్స్ చదువు గురించి ఎక్కువ చెప్పను, అధ్యాపకులకు తెలిసిన పనే. ఒక్కటి: తెలంగాణలో గతసారి తప్పు జవాబుకు 0.2 మార్కు కోత పెట్టారు, ఆంధ్రలో లేదు. నమూనా పరీక్షలు దానికి తగ్గట్టే దిద్దాలి. గ్రామీణ పిల్లలకు మార్కులు పోయేది అరిథ్‌మెటిక్, రీజనింగ్, ఇంగ్లిషుల్లోనే. జీకే పుస్తకాలకు డబ్బు తగలేయకుండా ఆ మూడింటికి మంచి మాస్టార్లను పెట్టండి.

ఇక అసలు సమస్య, ఆ విరామ కాలం. ఇక్కడ అభ్యర్థిని నిలబెట్టేవి మూడు.

ఒకటి, వేరే పరీక్షలు. రాష్ట్ర పరీక్ష ఆగిపోతే చదువు ఆగకూడదు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ కేంద్ర బలగాల కోసం పెట్టే ఎస్ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్ పరీక్ష 2024 నుంచి తెలుగులో కూడా రాయొచ్చు, పదో తరగతి అర్హత చాలు. ఎత్తు సాధారణంగా మగవాళ్లకు 170, ఆడవాళ్లకు 157. మగవాళ్లకు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరుగు. రైల్వే రక్షక దళం కానిస్టేబుల్‌కు 2024లో ఎత్తు 165 సరిపోయింది, కానీ 1600 మీటర్లు 5 నిమిషాల 45 సెకన్లలో పరుగెత్తాలి. రాష్ట్ర ఎత్తు కొలతలో మిగలని అబ్బాయికి అది తలుపు తెరుస్తుంది. ప్రతి అభ్యర్థి పేరు మీదా రెండు దరఖాస్తులు నడుస్తూ ఉండాలి. దరఖాస్తు రుసుము కూడా బడ్జెట్‌లో పెట్టండి. చిన్న మొత్తమే, కానీ చేతిలో డబ్బు లేక దరఖాస్తు చివరి తేదీ దాటించుకునేవాళ్లు ఉన్నారు.

రెండు, సగం రోజు సంపాదన. పనిలో చేరొద్దని చెప్పడం వల్ల లాభం లేదు, ఇంట్లో పొయ్యి వెలగాలి. ఉదయం 5 నుంచి 7 వరకు గ్రౌండ్, సాయంత్రం 7 నుంచి 9 వరకు స్టడీ హాల్, మధ్యలో పని చేసుకోవచ్చని సమయాలు అమర్చండి. హైదరాబాద్ వెళ్లినవాడితో తెగతెంపులు చేసుకోకండి. నెలకోసారి ఊరికి వచ్చి 1600 మీటర్లు పరుగెత్తి సమయం నమోదు చేసిపోతే బస్సు చార్జీ ఇవ్వండి. స్టైపెండ్ కంటే ఇది చౌక, ఫలితం ఎక్కువ. నెలనెలా సమయం రాసే రిజిస్టరులో అతని అంకె పెరుగుతూ పోతే ఎవరూ చెప్పక్కర్లేదు, అతనికే తెలుస్తుంది.

మూడు, ఆడపిల్లల విషయం. సివిల్ పోస్టుల్లో 33 శాతం వాళ్లకే. అయినా విరామ కాలంలో ముందుగా ఆగిపోయేది వాళ్లే. చీకటితో గ్రౌండ్‌కు రావడానికి ఊరూరికీ ఆటో, మహిళా శిక్షకురాలు, గ్రౌండ్ దగ్గర మరుగుదొడ్డి: ఈ మూడింటికీ బడ్జెట్‌లో విడిగా పద్దు ఉండాలి. నెలకోసారి తల్లిదండ్రుల్ని పిలిచి అమ్మాయి పరుగు సమయం, నమూనా పరీక్ష మార్కులు చూపించండి. మహిళా సంఘం సమావేశంలో అదే కాగితం చదివితే ఇంకా మంచిది. ‘ఇంకో ఎనిమిది నెలలు ఆగుదాం’ అనే మాట ఆ ఇంట్లో పుట్టాలంటే వాళ్లకు కనబడే అంకె ఒకటి కావాలి. పెళ్లయిన అమ్మాయి పేరు రిజిస్టరులోంచి కొట్టేయకండి. అత్తగారి ఊరి దగ్గర గ్రౌండ్ ఎక్కడుందో కనుక్కుని చెప్పండి.

ఈవెంట్స్‌కు వారం ముందు పరుగు సగానికి తగ్గించాలి. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్లు, ‘స్టామినా’ మాత్రలు అమ్మేవాళ్లు ఆ వారంలోనే గ్రౌండ్ల చుట్టూ తిరుగుతారు. పరుగు ముగించి కుప్పకూలి ప్రాణం పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారు. గుండె దడ, కళ్లు తిరగడం, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు మరణాలు ఉన్నవాళ్లను ముందే డాక్టరుకు చూపించండి. పరుగు పూర్తయిన వెంటనే కూలబడకుండా రెండు నిమిషాలు నడవడం కూడా సాధనలో భాగమే. శిబిరంలో ఓఆర్ఎస్, మంచు, 108కు ఫోన్ చేసే బాధ్యత ఎవరిదో పేరుతో సహా గోడ మీద రాసి ఉండాలి.

చివరి జారుడు కాగితాల దగ్గర. తెలంగాణలో స్థానికతకు 1 నుంచి 7వ తరగతి వరకు బోనఫైడ్లు (ఆ బడిలో చదివినట్టు ధ్రువపత్రాలు) కావాలి. మూతపడ్డ ప్రైవేటు బడిలో చదివినవాళ్లకు అవి తెచ్చుకోవడానికే నెలలు పడుతుంది, శిబిరం మొదటి నెలలోనే మొదలుపెట్టించండి. బీసీలకు క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి) కాదనే ధ్రువపత్రం, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన ఓసీల) పత్రం నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీల మధ్య తీసుకున్నవే చెల్లుతాయి. పాతది పెట్టి ఓసీ కింద లెక్కకు వెళ్లిపోయినవాళ్లు చాలామంది. ఆఖరున అటెస్టేషన్ ఫారం (అభ్యర్థి తన పూర్వాపరాలు రాసిచ్చే పత్రం) వస్తుంది. ఊరి గొడవలో పెట్టిన చిన్న కేసు, లోక్ అదాలత్‌లో రాజీ అయినదైనా, అందులో రాయాల్సిందే. కేసు ఉండటం కంటే దాన్ని దాచడమే ఎక్కువగా ఉద్యోగం పోగొడుతుంది. మొదటి రోజు నమోదు పత్రంలోనే ఈ ప్రశ్న అడగండి. ఉన్నవాళ్లకు ఎఫ్ఐఆర్, తీర్పు నకళ్లు కోర్టు నుంచి అప్పుడే తెప్పించి ఫైల్లో పెట్టండి.